రెండు స్కాన్ల నడుమ రోగి చేసినదేమిటో రాసిపెట్టండి

పక్షవాతం తర్వాత మెదడు కోలుకునే తీరును స్కాన్లతో అధ్యయనం చేస్తున్న హైదరాబాద్ నాడీ వైద్యులకు, పరిశోధకులకు, వారికి అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ఫిజియోథెరపిస్టును. ఆసుపత్రిలో ఉద్యోగం లేదు, ఇళ్లకు వెళ్లి పనిచేస్తాను. ఉప్పల్, మలక్‌పేట, పాతబస్తీ గల్లీలు, అప్పుడప్పుడు కూకట్‌పల్లి దాకా నా తిరుగుడు. నేను చూసేవారిలో ఎక్కువమంది పక్షవాతంతో ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినవారు. కొందరికి మాట కూడా పోయి ఉంటుంది. అంబులెన్సు దిగినప్పటి నుంచి డిశ్చార్జి కాగితం చేతికి వచ్చేదాకా వారి సంగతి మీకు తెలుసు. ఇంటి గడప దాటి లోపలికి వచ్చాక జరిగేది నాకు తెలుసు. మన ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకచోట చేరడం లేదనే ఈ ఉత్తరం.

ఈమధ్య నా రోగుల ఇళ్లకు ఫోన్లు వస్తున్నాయి. నాన్నగారికి మరోసారి ఎమ్మారై తీస్తాం, డబ్బు కట్టనక్కరలేదు, పరిశోధన కోసం అంటున్నారు. ఇంటివాళ్లు భయపడి నన్ను అడుగుతారు: "వెళ్లమంటారా మేడమ్? మళ్లీ ఏదైనా వచ్చిందని అనుమానమా?" అనుమానం ఏమీ లేదు, తప్పకుండా వెళ్లండి అనే చెబుతాను. ఈ పరిశోధన మన ఊళ్లో జరగాలని కోరుకునేవారిలో నేనూ ఉన్నాను. కానీ వెళ్లి వచ్చాక వారిని ఒక ప్రశ్న అడుగుతాను. ఈ మూడు నెలల్లో ఆ చేతితో రోజూ ఏయే పనులు చేశారో, ఎంతసేపు చేశారో అక్కడ ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదట. "ఫిజియోథెరపీ చేయించుకున్నారా: అవును, కాదు" అని ఒక గడి ఉందట, అందులో టిక్కు పెట్టుకున్నారట.

నా ఫిర్యాదంతా ఆ గడి మీదే.

మొదటి రోజు స్కానుతో నాకు పేచీ లేదు. మూతి వంకర పోయి, చెయ్యి వాలిపోయిన మనిషిని మోసుకొచ్చినప్పుడు మెదడులో రక్తనాళం చిట్లిందో, రక్తం గడ్డ అడ్డుపడిందో వెంటనే తేల్చేది సీటీ స్కాను. నాలుగున్నర గంటల్లోపు వచ్చినవారికి గడ్డ కరిగించే మందు ఇవ్వవచ్చు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి, ఇంకా కాపాడగలిగిన భాగం స్కానులో కనిపించిన రోగులకు ఆలస్యమైనా గొట్టం పంపి గడ్డను బయటికి లాగవచ్చని 2018లో వెలువడిన రెండు క్లినికల్ ట్రయల్స్ చూపించాయి, ఒకటి 16 గంటల దాకా, మరొకటి 24 గంటల దాకా. అక్కడ ప్రతి నిమిషానికీ విలువ ఉంది, దాని మీద మీరు పెడుతున్న శ్రద్ధకు దండం పెడతాను.

కోలుకోవడాన్ని చూసే స్కాను వేరే జాతిది. ఏ భాగం చచ్చిపోయిందన్నది అందరికీ తెలిసిపోయాక, మిగిలిన భాగం ఏ పనిని అందుకుంటోందని అడిగేది అది. ఆక్సిజన్ ఉన్న రక్తమూ, ఆక్సిజన్ వదిలేసిన రక్తమూ అయస్కాంతం ముందు ఒకేలా ప్రవర్తించవని, ఆ తేడాతోనే మెదడులో ఎక్కడ పని జరుగుతోందో చిత్రం తీయవచ్చని 1990లో సెయిజి ఒగావా అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చూపించారు. ఫంక్షనల్ ఎమ్మారైకి అదే పునాది. డిఫ్యూజన్ ఎమ్మారై మరో వైపు నుంచి చూస్తుంది. నరాల పోగుల వెంట నీటి కణాలు కదిలే దిశను కొలిచి, మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే నరాల కట్ట ఎంత మిగిలిందో అంచనా కడుతుంది. చెయ్యి తిరిగి వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ కట్ట మీదే ఆధారపడుతుంది. ఇక వేలు కూడా కదపలేని రోగికి అచ్చివచ్చే పద్ధతి మూడోది. మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా సరే, మెదడులో కుడి ఎడమ చేతి ప్రాంతాలు ఒకే లయలో పెరిగి తగ్గుతుంటాయని 1995లో భరత్ బిస్వాల్ కనుగొన్నారు. స్ట్రోక్ తర్వాత ఆ లయ చెదురుతుందని ఆ తర్వాతి పరిశోధకులు చూశారు. రోగిని పిడికిలి బిగించమని కూడా అడగకుండా ఇదంతా కొలవవచ్చు.

ఇన్ని సాధనాలు చేతిలో ఉన్నవారు ఆ గడి దగ్గర ఎందుకు ఆగిపోతారన్నదే నాకు అర్థం కాదు. ఎందుకంటే ఈ రంగంలో గట్టిగా నిలబడిన పనులన్నీ చెప్పేది ఒకటే: ఒక స్కాను విడిగా చూస్తే ఏమీ చెప్పదు.

లండన్‌లో నిక్ వార్డ్ బృందం కొందరు రోగులను నెలల తరబడి పదేపదే స్కాను చేసి 2003లో ఫలితాలు ప్రచురించింది. పని చిన్నదే, చేతితో ఒక పిడిని నొక్కడం. మొదట్లో ఆ చిన్న పనికి మెదడు రెండు వైపులా, మామూలుగా అక్కరలేని చోట్ల కూడా శ్రమ పడింది. చెయ్యి బాగుపడుతున్న కొద్దీ ఆ అదనపు శ్రమ తగ్గుతూ వచ్చింది. మాట విషయంలో జర్మనీలో డొరొథీ సౌర్ బృందం 2006లో 14 మంది రోగులతో ఇలాంటి పనే చేసింది. తొలి రోజుల్లో ఎడమ వైపు భాషా ప్రాంతాలు దాదాపు మౌనంగా ఉన్నాయి. రెండు వారాల ప్రాంతంలో కుడి వైపు కూడా కలిసి ఒక్కసారిగా చెలరేగాయి. దాదాపు ఏడాదికి పని మళ్లీ ఎడమ వైపుకు సర్దుకుంది. అంటే కుడి అర్ధగోళంలో కనిపించే అదే వెలుగు రెండో వారంలో ఒక అర్థం, పదో నెలలో మరో అర్థం చెబుతుంది. రోగికి జబ్బు వచ్చి ఎన్ని రోజులైందో తెలియకుండా ఆ చిత్రాన్ని చదవలేమని మీరంతా ఒప్పుకుంటారు. మరి ఆ రోజుల్లో రోగి ఏమి చేశాడో తెలియకుండా ఎలా చదువుతారు?

అమెరికాలో ర్యాండాల్ఫ్ న్యూడో కోతులతో చేసిన పనిని మీలో చాలామంది పాఠాల్లో చెప్పి ఉంటారు. మెదడులో చేతిని నడిపే ప్రాంతంలో ఒక చిన్న భాగాన్ని దెబ్బతీసి, శిక్షణ లేకుండా వదిలేస్తే, దెబ్బ తగలని పక్క భాగం కూడా చేతికి సంబంధించిన పనిని కోల్పోయింది. చిన్న గుంటల్లోంచి తిండి గింజలు వేళ్లతో తీసే శిక్షణ ఇచ్చిన కోతుల్లో ఆ పక్క భాగం నిలిచింది, కొన్నింటిలో చేతి ప్రాంతం మోచేయి, భుజాల ప్రాంతంలోకి విస్తరించింది కూడా. ఆ ఫలితం 1996లో వచ్చింది. చచ్చిన చోటు ఒకటే, దెబ్బ పరిమాణం ఒకటే. శిక్షణ సంగతి దాచిపెట్టి ఆ రెండు రకాల మెదడు పటాలను నా ముందు పెడితే ఇవి రెండు వేర్వేరు జబ్బులని ప్రమాణం చేసి చెబుతాను. మన స్కాన్లతో మీరు అదే పొరపాటు చేయబోతున్నారేమోనని నా భయం.

ఇక గడప లోపలి సంగతి.

ఇంటికి వచ్చిన మొదటి పక్షంలో అందరికీ ఆవేశం ఉంటుంది. బంధువులు వస్తారు, కొబ్బరినీళ్లు తెస్తారు, ఒకరు ఆముదం మర్దన అంటారు, ఇంకొకరు పావురం నెత్తురు పూస్తే చచ్చుబడిన చేతికి వేడి పుడుతుందంటారు. (పావురాలను వదిలేయమని నేను చెప్పి చెప్పి విసిగిపోయాను. మీరు డిశ్చార్జి రోజున ఒక్క మాట చెబితే నా మాటకన్నా బలంగా ఉంటుంది.) నన్ను వారానికి ఆరు రోజులు రమ్మంటారు. రెండో నెలకు అది మూడు రోజులవుతుంది. కొడుకు సెలవులు అయిపోతాయి, అప్పు పెరుగుతుంది, ఫిజియో ఖర్చు అన్నిటికన్నా ముందు తెగుతుంది, ఎందుకంటే మందు మానేస్తే ప్రాణం పోతుందన్న భయం ఉంటుంది, వ్యాయామం మానేస్తే ఏమీ కానట్టే కనిపిస్తుంది. సరిగ్గా మెదడు ఎక్కువగా మారగలిగే కాలంలోనే, అంటే ఏడో రోజు నుంచి మూడో నెల వరకు మీరు ప్రత్యేకంగా పేరు పెట్టుకున్న ఆ దశలోనే, మా ఇళ్లలో పని సన్నగిల్లుతుంది.

ఆ గడిలో వీరందరూ "అవును".

ఇప్పుడు కుడి పక్క పడిపోయిన రోగిని తీసుకోండి. పుస్తకాల్లో రాసి ఉండేది ఏమిటంటే, బాగున్న ఎడమ చేతితో అన్ని పనులూ కానిచ్చేస్తాడు, పడిపోయిన చేతిని మరిచిపోతాడు, అలా ఆ చెయ్యి వాడకపోవడం ఒక అలవాటైపోతుంది అని. ఎడ్వర్డ్ టాబ్ ఈ అలవాటును గుర్తించి, బాగున్న చేతిని తొడుగులో బంధించి పడిపోయిన చేతితోనే పని చేయించే చికిత్సను తయారుచేశాడు. 2006లో ఒక పెద్ద ట్రయల్ దాని ఉపయోగాన్ని చూపించింది. అదంతా నిజమే, కానీ మా ఇళ్లలో కథ ఒక మలుపు తిరుగుతుంది. ఎడమ చేత్తో అన్నం తినడం చాలామంది పెద్దలకు మింగుడుపడదు. "ఎంత రోగమొచ్చినా ఎడమ చేత్తో ముద్ద పెట్టుకుంటానా?" అంటారు. కాబట్టి కోడలు కలిపి పెడుతుంది, లేదా భార్య. రోజుకు మూడు పూటలు, నెలల తరబడి, కుడి చెయ్యీ వాడరు, ఎడమ చెయ్యీ వాడరు. చెంచాతో తినే దేశాల్లో ఎడమ చెయ్యి నేర్చుకునే నేర్పు ఇక్కడ అసలు మొదలే కాదు. మూడో నెల స్కానులో ఎడమ చేతిని నడిపే కుడి అర్ధగోళం లండన్ రోగుల్లా కనిపించకపోతే దానికి కారణం మన జన్యువులా, మన జబ్బు తీరా, మన ముద్దలా? నాకు జవాబు తెలియదు. తెలుసుకోగలిగింది మీరే, అదీ మీ ఫైల్లో "అన్నం ఎవరు పెడుతున్నారు?" అనే ప్రశ్న ఉంటేనే.

దీనికి తలకిందులుగా ఉండే సంగతి ఆడవారిది. ఇంట్లో తండ్రికి పక్షవాతం వస్తే నన్ను పిలుస్తారు. తల్లికి వస్తే చాలా ఇళ్లలో నాలుగు రోజులు పిలిచి మానేస్తారు, లేదా అసలు పిలవరు. ఇది నా అనుభవం, లెక్క కాదు. అయితే ఆ తల్లి కాస్త కూర్చోగలిగిన రోజు నుంచే చేట ఒళ్లో పెట్టుకుంటుంది. బియ్యంలో రాళ్లు ఏరుతుంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది, వెల్లుల్లి పొట్టు తీస్తుంది, పడిపోయిన చేతిని బాగున్న చేత్తో తోస్తూనే పని చేయిస్తుంది. అవసరం ఆమెకు ఫిజియోథెరపిస్టు. వెల్లుల్లి పొట్టు తీయడం అంటే బొటనవేలు, చూపుడువేలు గిల్లే కదలిక, న్యూడో కోతులు గింజలు తీసిన కదలికకు దగ్గరి చుట్టం. అమెరికాలో క్యాథరీన్ ల్యాంగ్ బృందం పునరావాస చికిత్సలను పక్కన నిలబడి లెక్కపెట్టి 2009లో చెప్పింది ఏమిటంటే, చేతి పనులు చేయించిన ఒక్కో విడతలో సగటున 32 కదలికలే జరుగుతున్నాయని. ఒక గిద్దెడు వెల్లుల్లి ఒలిస్తే అంతకు ఎన్ని రెట్లు అవుతుందో మీరే చూడండి. ఆ తల్లి మీ గడిలో "కాదు". డబ్బు కట్టి వారానికి మూడు రోజులు నా చేత చెయ్యి ఆడించుకుని, మిగతా సమయమంతా టీవీ ముందు కూర్చున్న పెద్దమనిషి "అవును". రేపు మీ విశ్లేషణలో ఫిజియోథెరపీకీ, మెదడు మార్పుకూ సంబంధం కనిపించలేదని తేలితే నేను ఆశ్చర్యపోను.

ఇంట్లో జరిగేదంతా మంచిదేనని నేను అనడం లేదు. పడిపోయిన చేతిని పట్టుకుని మంచం మీద నుంచి లేపి లేపి భుజం కీలు జారిపోయిన రోగులు నాకు ప్రతి నెలా కనిపిస్తారు. ఆ నొప్పితో ఆ చేతిని ఎవరినీ ముట్టుకోనివ్వరు. నొప్పి ఉన్న చెయ్యి మూడు నెలలు కదలకుండా ఉంటే స్కానులో అదీ "కోలుకోని మెదడు"లాగే కనిపిస్తుంది. కుటుంబానికి నేర్పేస్తే చాలు, అంతా వారే చూసుకుంటారన్న ఆశ కూడా నిలవలేదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ ట్రయల్, ఇంటివారికి శిక్షణ ఇచ్చి వారి చేత చేయించిన పునరావాసం మామూలు చికిత్సకన్నా మెరుగైన ఫలితం ఇవ్వలేదని 2017లో చెప్పింది. ఆ ఫలితాన్ని చూసి నా వృత్తిలోని కొందరు సంతోషించారు, నాకు సంతోషం కలగలేదు. ఏ ఇంట్లో ఎంత జరిగింది, ఏ రోగి మెదడులో దాన్ని అందుకోగలిగే నరాల కట్ట మిగిలి ఉంది అన్న రెండూ ఒకే మనిషిలో పక్కపక్కన కొలిస్తే తప్ప, సగటు లెక్క నా వంటి వారికి పనికిరాదు. స్కాను ఉపయోగం అక్కడే ఉంది. అందుకే మీరు ఆ పని సగంలో వదిలేస్తుంటే బాధ.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. తొలి స్కాను రోజునే ఇంటివారికి ఒక పల్చటి పుస్తకం ఇవ్వండి. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి, చదవడం రానివారికి బొమ్మలతో ఒకటి. అన్నం ఎవరు పెట్టారు, చొక్కా గుండీలు ఎవరు పెట్టారు, ఆ చేతితో ఏ ఇంటి పని చేశారు, నడక ఎంత, భుజం నొప్పి ఉందా, పడ్డారా, రాత్రి నిద్ర పట్టిందా, ఏడుపు వస్తోందా, ఫిజియో ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు. చివరి ప్రశ్నను దయచేసి కొట్టేయకండి. వారానికి ఒకసారి మీ పరిశోధక విద్యార్థి ఫోను చేసి రాసుకున్నా చాలు. కొందరు రోగులకైనా రెండు మణికట్లకూ గడియారంలా కట్టే కదలికల మీటర్లు పెట్టవచ్చు. ఏ చెయ్యి ఎంతసేపు కదిలిందో అవి అబద్ధం లేకుండా చెబుతాయి. ఒక గంట ఎమ్మారై ఖర్చు పక్కన వాటి ధర ఎంత? నా వంటి వారిని లెక్కలోకి తీసుకోండి. మేము ఎలాగూ ఆ ఇంట్లో ఉన్నాం, రాసి ఇస్తాం.

ఇది మన ఊరే ఎందుకు చేయాలో కూడా చెబుతాను. ఈ విషయంలో హైదరాబాద్‌కు ఒక చరిత్ర ఉంది. నిమ్స్ ఆసుపత్రి స్ట్రోక్ రిజిస్ట్రీలోని 608 మంది రోగులను పరిశీలించి సువర్ణ అల్లాడి, తోటి పరిశోధకులు 2016లో ప్రచురించిన పని ప్రపంచమంతా చదివింది. స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలు వచ్చినవారిలో 40.5 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. ఎందుకు? ఇంట్లో దక్కనీ, దుకాణంలో తెలుగు, టీవీలో హిందీ నడిచే ఈ ఊరికన్నా ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వారు 50 మంది మగవారు, 50 మంది ఆడవారి ఎమ్మారైలతో సగటు భారతీయ మెదడు అట్లాసును తయారుచేసి 2019లో ప్రకటించారు. పాశ్చాత్యుల మెదళ్లతో తయారైన నమూనా మీద మన రోగుల మెదళ్లను సాగదీసి అతికించడంలో వచ్చే తప్పులు తగ్గడానికి అది పనికి వస్తుంది. నిమ్స్ ఉన్న పంజాగుట్టకూ, ట్రిపుల్ ఐటీ ఉన్న గచ్చిబౌలికీ నడుమ దూరం ఎంత?

ఇంకొకటి, మీకే బాగా తెలిసినది. హైదరాబాద్ రోగుల్లో మెడలోని రక్తనాళాలకన్నా పుర్రె లోపలి రక్తనాళాలు సన్నబడటం ఎక్కువగా కనిపిస్తుందని ఈ ఊరి వైద్యులే రెండు దశాబ్దాల కిందట రాశారు. ఫంక్షనల్ ఎమ్మారై చూసేది నరకణాన్ని కాదు, దాని కోసం పరుగెత్తే రక్తాన్ని. నాళం సన్నబడిన చోట ఆ రక్తం ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి కొలతకు అందనంత తక్కువగా వస్తుంది. అక్కడ కణాలు పని చేస్తున్నా చిత్రంలో చీకటి కనిపించవచ్చు. బయటి దేశాల లెక్కల సూత్రాన్ని దించి వాడితే మన రోగి మెదడు నిజంగా ఉన్నదానికన్నా చచ్చినట్టు కనిపించే ప్రమాదం ఉంది. రక్తనాళాల చిత్రం, రక్త ప్రవాహ కొలత కూడా కలిపి తీయకుండా మన దగ్గర ఈ పరిశోధన మొదలుపెట్టవద్దని ఒక బయటి మనిషిగా నా విన్నపం.

బొమ్మల సంగతి చెబితే నవ్వుతారు. మాట పోయినవారికి బొమ్మ చూపించి పేరు చెప్పమనే పరీక్షల్లో ప్రసిద్ధమైనది బోస్టన్ వారిది. అందులో 60 బొమ్మలున్నాయి. వాటిలో మంచు ఇల్లు ఇగ్లూ ఉంది, బీవర్ అనే జంతువు ఉంది, ప్రెట్జెల్ అనే తినుబండారం ఉంది. నల్లగొండ నుంచి వచ్చిన రైతు ప్రెట్జెల్ పేరు చెప్పలేకపోతే అది స్ట్రోక్ తప్పు కాదు. రోలు, చేట, కొడవలి, తాటిముంజ, సైకిల్ పంపు చూపించండి. ఏ బొమ్మ ఎంతమంది ఆరోగ్యవంతులకు తడుముకోకుండా గుర్తొస్తుందో ముందు ఈ జిల్లాల్లో కొలిచి, ఆ తర్వాత స్కానరులోకి తీసుకెళ్లండి. పాతబస్తీ రోగిని ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడగండి. ఏ భాష ముందు తిరిగి వస్తుందో, దాని వెనక మెదడులో ఏమి కనిపిస్తుందో రాయండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. స్కాను జోస్యమైపోవడం.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో క్యాథీ స్టినియర్ బృందం చెయ్యి ఎంత తిరిగి వస్తుందో తొలి రోజుల్లోనే అంచనా వేసే పద్ధతిని తయారుచేసింది. 2012 నాటి మొదటి రూపంలో కొందరు రోగులకు ఎమ్మారై ఒక మెట్టు. 2017లో సవరించినప్పుడు ఆ మెట్టు తీసేశారు. మూడో రోజున భుజం పక్కకు ఎత్తే బలం, వేళ్లు చాపే బలం, వయసు, ఆ బలం తక్కువైనవారికి తలపై అయస్కాంత తాకిడి ఇచ్చి చేతిలో స్పందన చూసే పరీక్ష, పడక దగ్గర లెక్కగట్టే స్ట్రోక్ తీవ్రత స్కోరు ఉంటే నలుగురిలో ముగ్గురి విషయంలో అంచనా సరిపోయింది. తమ పద్ధతిలోంచి ఎమ్మారైని తామే తీసేసిన ఆ నిజాయితీ నాకు నచ్చింది. భుజం ఎత్తమని, వేళ్లు చాపమని అడగడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఉస్మానియాలోనైనా, గాంధీలోనైనా, జిల్లా ఆసుపత్రి వరండాలోనైనా రేపటి నుంచి ప్రతి రోగినీ అడగవచ్చు.

కానీ నలుగురిలో ఆ నాలుగో మనిషి? ఆక్లాండ్‌లో అంచనా చూసి చికిత్స లక్ష్యం మారుస్తారు, చికిత్స ఆగదు. ఇక్కడ ఏమవుతుందో చూశాను. ఒక ఆసుపత్రిలో ఎవరో స్కాను ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టుకుని, "చెయ్యి రాదు, కాలు సంగతి చూసుకోండి" అన్నారట. ఆ ఇంట్లో ఆ వారమే చేతి వ్యాయామం ఆగిపోయింది. ఒక్క మాటతో డబ్బు ఆగింది, శ్రమ ఆగింది, రోగి తన చేతిని చూడటం కూడా మానేశాడు. ఆ తర్వాత చెయ్యి రాలేదు. జోస్యం ఫలించింది, ఎవరి లెక్కలోనైనా అది సరైన అంచనాగానే చేరుతుంది. కోల్పోయిన శక్తిలో సుమారు 70 శాతం మూడు నెలల్లో తిరిగి వస్తుందన్న సూత్రం 2008 నుంచి చాలాకాలం చెలామణి అయింది. అందులో కనిపించిన గట్టి సంబంధంలో కొంత భాగం లెక్క కట్టే తీరులోంచే పుట్టిందని 2019లో టామ్ హోప్, తోటివారు చూపించారు. మంచి పత్రికల్లో పదేళ్లకు పైగా నిలిచిన సూత్రానికే ఆ గతి పట్టింది. మన ఊళ్లో కొద్దిమంది రోగులతో తయారైన అంచనాను ఇంటివారికి తీర్పులా వినిపించే అధికారం ఎవరికీ లేదు.

ఎథిక్స్ కమిటీ పెద్దలను ప్రత్యేకంగా కోరేది ఇది: స్కాను ఆధారంగా వేసిన అంచనాను రోగికి ఎవరు, ఎప్పుడు, ఏ మాటల్లో చెబుతారో రాసి ఇవ్వని ప్రతిపాదనకు అనుమతి ఇవ్వకండి. మాట పోయినవారి సమ్మతి అంటే కొడుకు వేలిముద్ర కాదు. మాట పోయిన చాలామందికి ఎదుటివారు చెప్పేది ఎంతో కొంత అర్థమవుతుంది. బొమ్మలు చూపించి, తల ఊపమని అడిగి, ఆగి, మళ్లీ అడిగితే తమ ఇష్టం తాము చెప్పగలరు. దానికి అరగంట పడుతుంది. స్కానుకు గంట పెట్టినవారు ఆ అరగంట పెట్టగలరు.

చిల్లర విషయాలు కొన్ని. రోగితో పాటు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు ఇచ్చి ఊరుకోకండి, కూలి కూడా ఇవ్వండి. స్కాను గదిలోకి పోయేముందు మెట్టెలు, పుస్తెలు తీయమంటే కొందరు ఆడవారు వెనుదిరిగి వెళ్లిపోయారు. పసుపు కొమ్ము కట్టిన పసుపు తాడు వేసుకుని రమ్మని ఫోనులోనే చెబితే ఆ గొడవ ఉండదు. స్కాను చిత్రాల డిస్కును రోగికి ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. పరిశోధన స్కాను అందులోకి రాదని వాదించవచ్చు, వాదించకండి. రెండో స్కాను తర్వాత ఇంటివారిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడండి. తమ మెదడు చిత్రం తాము చూడాలని రోగులకు ఎంత ఆసక్తి ఉంటుందో మీరు ఊహించలేరు.

పైన చెప్పిన పుస్తకానికి ఒక నమూనా నేనే తయారుచేశాను, తెలుగులో, ఉర్దూలో. ఉర్దూ పేజీలను నా రోగి కూతురు ఒకామె సరిచేసింది. ఈ వారం మీ విభాగాల కార్యాలయాలకు పంపుతున్నాను. అందులో మీకు నచ్చని ప్రశ్నలను మార్చండి, లేనివి చేర్చండి. వచ్చే నెల నుంచి మీరు పిలిచే రోగుల్లో నా చుట్టుపక్కల ఉండేవారి ఇళ్లకు వెళ్లి దాన్ని నింపి తెచ్చే బాధ్యత నాది, మరికొందరు సహోద్యోగులూ ఒప్పుకున్నారు. మీ వైపు నుంచి ఎవరితో మాట్లాడాలో ఒక మనిషిని చూపించండి.

ఇట్లు,
ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే ఒక ఫిజియోథెరపిస్టు,
హైదరాబాద్